కూర్చోగలిగే కవచం: ఊహాలోకపు యోధులకు కవచం గీయడం ఎలా?

ఈ ఆదివారం ఇంటికి రొయ్యలు తెస్తే, ఒలిచే ముందు ఒకదాన్ని పక్కన పెట్టుకోండి. కాస్త పెద్దది, పెంకు చెదరనిది చూసుకోండి. తలా తోకా పట్టుకుని మెల్లగా సాగదీయండి, మళ్ళీ ముడవండి. తల కాకుండా మిగతా ఒంటి మీద ఆరు పెంకులు కనిపిస్తాయి. ప్రతి పెంకు వెనక అంచు, దాని తర్వాతి పెంకు ముందు అంచును కప్పుతుంది. ముడిచినప్పుడు వీపు మీది పెంకులు ఒకదాని కింద నుంచి ఒకటి బయటికి జారతాయి. సాగదీస్తే మళ్ళీ లోపలికి దూరతాయి. మధ్యలో పల్చటి పొర ఉంటుంది, మడతపడే పని దానిది. ఇప్పుడు రొయ్యని తిరగేసి అడుగు వైపు చూడండి. అక్కడ గట్టి పెంకే లేదు. ముడుచుకునే వైపు కూడా పెంకు ఉంటే అది ముడుచుకోలేదు కదా.

కవచం గీయడానికి కావలసిన ఇంజనీరింగ్ దాదాపు అంతా ఆ రొయ్యలోనే ఉంది. కీలుకి బయటి వైపు జారే పలకలు, లోపలి వైపు గుడ్డో, తోలో, గొలుసు అల్లికో. మోచేతికైనా మోకాలికైనా వేళ్ళకైనా ఇదే లెక్క.

నేను విజయవాడలో ఉండి గేములకీ పిల్లల పుస్తకాలకీ బొమ్మలు వేస్తాను. మొదట్లో ఒక గేమ్ కోసం ఒక సేనాని కవచం గీసి పంపాను. రెండు వారాల పని. భుజాల మీద సింహం తలలు, ఛాతీ నిండా నగిషీ. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. త్రీడీ మోడల్ చేసే అబ్బాయి ఆ సేనాని చెయ్యి పైకి ఎత్తించేసరికి సింహం తల ఆయన బుగ్గలోకి దూరిపోయింది. కత్తి ఎత్తలేని సేనానిని గీశానని అప్పుడు అర్థమైంది. ఆ బొమ్మ మొత్తం మళ్ళీ గీశాను. అప్పటి నుంచి నేను పాటిస్తున్న వరుస ఇది: ముందు పాత్ర చేసే పని, తర్వాత ఒళ్ళు, తర్వాత కీళ్ళు, తర్వాత పలకలు, అన్నిటికన్నా చివర నగిషీ. కొత్తగా నేర్చుకునేవాళ్ళు చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. అందుకే బొమ్మ అందంగా ఉన్నా అందులో మనిషి ఉన్నట్టు అనిపించదు.

సామాను గురించి టెన్షన్ పడకండి. హెచ్‌బీ, 2బీ, 4బీ పెన్సిళ్ళు, మామూలు ఏ4 కాగితాలు, ఒక ఎర్ర పెన్సిలు, నాలుగైదు బటర్ పేపర్లు చాలు. ఏలూరు రోడ్డులో ఒక చక్కర్ కొడితే అన్నీ దొరుకుతాయి. ట్యాబ్లెట్ ఉంటే మంచిదే. కృతా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనికి బాగా సరిపోతుంది. కానీ మొదటి నాలుగు దశలూ కాగితం మీద చేయమనే చెబుతాను. చెరిపే సౌకర్యం తక్కువగా ఉన్నప్పుడు గీసే ముందు ఆలోచిస్తాం.

ఆమె పనేమిటి?

ఉదాహరణకి ఒక పాత్రను తీసుకుందాం. పేరు నాగవేణి. కృష్ణ లాంటి ఒక పెద్ద నది, దాని మీద ఒక రేవు. రాత్రిపూట ఆ రేవు కాచే యోధురాలు ఆమె. ఆయుధం ఇనప మొన ఉన్న గెడ. దానితోనే పడవ నడుపుతుంది, దానితోనే పోరాడుతుంది.

ఇప్పుడు బొమ్మ జోలికి పోకుండా ఒక కాగితం మీద జవాబులు రాయండి. రోజంతా ఏ భంగిమలో ఉంటుంది? నిలబడి, గెడ వేస్తూ. అంటే రెండు చేతులూ తల పైదాకా లేవాలి, నడుము తిరగాలి. దెబ్బ ఎటు నుంచి తగులుతుంది? ఒడ్డు మీద నుంచి వచ్చే బాణాలు, పడవలోకి దూకే మనిషి కత్తి. అంటే ఛాతీకి, భుజాలకి, ముంజేతులకి రక్షణ ముఖ్యం. మోకాళ్ళ కింద అంత అవసరం లేదు, అక్కడ పడవ అంచు అడ్డం ఉంటుంది. వాతావరణం? మే నెలలో బెజవాడ ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఒంటి నిండా ఇనుము బిగించుకుంటే శత్రువు అక్కర్లేదు. నీళ్ళలో పడితే? ఇదే అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. కవచం క్షణాల్లో ఊడిరావాలి. డబ్బు ఎవరిది? రేవు సుంకంలోంచి ఊరు చేయించిన కవచం కాబట్టి రాజుగారి కవచంలా ఉండదు. ఒకటి రెండు చోట్ల మాత్రమే ఖరీదైన పని ఉంటుంది.

ఈ ఐదు జవాబులతోనే సగం డిజైన్ అయిపోయింది చూడండి. ఇనుము నీళ్ళకి తుప్పు పడుతుంది కాబట్టి ఇత్తడి, తోలు, దళసరి నూలు వాడతాం. ఇత్తడి ఉక్కంత గట్టిది కాదు, ఆ మాట ఒప్పుకుని పలకలు కాస్త మందంగా చూపిద్దాం. కాళ్ళకి దాదాపు ఏమీ ఉండదు. కవచం విప్పే ముడులన్నీ చేతికి అందే చోటే ఉంటాయి.

ఒళ్ళు, కీళ్ళు

మామూలు మనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలు ఉంటుంది. వీరుల బొమ్మలకి ఎనిమిది తలలు తీసుకోవడం అలవాటు. 2బీతో తేలికగా నాగవేణిని గీయండి, బట్టలూ వివరాలూ వద్దు. తర్వాత ఎర్ర పెన్సిలుతో ప్రతి కీలు దగ్గర చిన్న సున్నా చుట్టండి. మెడ, భుజాలు, మోచేతులు, మణికట్లు, నడుము, తొడ మొదలు, మోకాళ్ళు, చీలమండలు. ఆ ఎర్ర సున్నాల మీద గట్టి పలక రాకూడదు, వస్తే జారే పలకలుగానే రావాలి. ఈ ఒక్క నియమం మీ గోడ మీద అంటించుకున్నా తప్పులేదు.

ఇదే మనిషిని మూడు భంగిమల్లో గీయండి. ఒకటి నిటారుగా నిలబడి. రెండు, కుడి చెయ్యి పూర్తిగా పైకి ఎత్తి. మూడు, నేల మీద బాసింపట్టు వేసుకుని. మూడోది తప్పించుకోవద్దు. మనవాళ్ళు కింద కూర్చునే తింటారు, కింద కూర్చునే కబుర్లు చెబుతారు. పడవలో అయితే కుర్చీ ఎక్కడిది? పలకలు గీసిన ప్రతిసారీ వాటిని ఈ మూడు బొమ్మల మీదా బటర్ పేపర్‌తో పెట్టి చూడాలి.

ఇక నీడబొమ్మలు. అగ్గిపెట్టె అంత సైజులో పది పన్నెండు చిన్న ఆకారాలు గీసి లోపలంతా నల్లగా నింపండి. ఒక్కోదానికి రెండు నిమిషాలకి మించి వద్దు. చేయి చాచినంత దూరంలో పెట్టి చూసినా ఇది ఫలానా మనిషి అని తెలియాలి. గుండ్రటి ఆకారాలు ఎక్కువైతే పాత్ర నెమ్మదస్తుడిలా, చతురస్రాలు ఎక్కువైతే మొండిమనిషిలా, మొనలు ఎక్కువైతే ప్రమాదకరంగా కనిపిస్తుంది. నాగవేణికి నేను గుండ్రటి భుజాలు, గెడలాగా ఒకే ఒక్క పదునైన నిలువు గీత తీసుకుంటాను. నచ్చినవి రెండు ఉంచుకుని ముందుకు కదలండి.

రేకు ఎలా వంగుతుందో ముందు చేతులకి తెలియాలి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే ఇది తెలియకపోవడం వల్లే చాలా కవచాలు రబ్బరు తొడుగుల్లా కనిపిస్తాయి.

ఒకసారి ఆటోనగర్‌లో ఒక టింకరింగ్ షెడ్డు ముందు గంటన్నర నిలబడి చూశాను. మేస్త్రీ లారీ మడ్‌గార్డు రేకు సరిచేస్తున్నారు. నా చేతిలో స్కెచ్‌బుక్ చూసి విషయం అడిగారు. చెప్పాను. ఆయన ఒక రేకు ముక్క తీసుకుని మోకాలి మీద పెట్టి వంచారు. "చూడమ్మా, ఒక పక్కకి వంచమంటే రేకు మాట వింటది. రెండు పక్కలకీ వంచమంటే వినదు, సుత్తితో కొట్టి సాగదీయాలి" అన్నారు. తర్వాత ఇసక నింపిన సంచి మీద ఆ ముక్కని పెట్టి, మధ్య నుంచి అంచు వైపు గుండ్రంగా చిన్న చిన్న దెబ్బలు కొట్టుకుంటూ వచ్చారు. పదిహేను నిమిషాలకి అది గరిటె గుంటలా అయింది. మధ్యలో సాగి పల్చబడింది, అంచు అలాగే మందంగా ఉంది.

ఇంట్లో మీరు దీన్ని కాగితంతో చేసి చూడండి. ఏ4 కాగితాన్ని ముంజేతి చుట్టూ చుట్టండి, చక్కగా కూర్చుంటుంది. అదే కాగితాన్ని బత్తాయి మీద కప్పి చూడండి, ముడతలు పడుతుంది. ముంజెయ్యి, పిక్క, తొడ గొట్టాలు. భుజం గుండు, మోచెయ్యి, మోకాలి చిప్ప, తల బత్తాయిలు. గొట్టం పలక ఏ ఊరి కమ్మరైనా చేస్తాడు, బత్తాయి పలకకి మంచి పనివాడు కావాలి. నాగవేణిది ఊరి డబ్బుతో చేసిన కవచం కాబట్టి ముంజేతులకి చుట్టిన పలకలు, భుజాలకి మాత్రం కొట్టి తీర్చిన గుండ్రటి పలకలు ఇద్దాం. బొమ్మ చూసేవాళ్ళకి ఇది మాటల్లో తెలియకపోవచ్చు, కానీ కంటికి నమ్మకం కుదురుతుంది.

మందం గురించి ఒక మాట. యూరప్‌లో ఒళ్ళంతా కప్పే పలకల కవచాలు మొత్తం కలిపి సుమారు 15 నుంచి 25 కిలోల బరువు ఉండేవి. పలకల మందం ఎక్కువగా ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల లోపే. బరువు ఒంటి నిండా పంచడం వల్ల వాటితో పరిగెత్తేవాళ్ళు, గుర్రం ఎక్కేవాళ్ళు. కాబట్టి పలక అంచు గీసేటప్పుడు అంగుళం మందం చూపించకండి, గోరంత మందం చాలు. బలం కావాలంటే మందం బదులు మడత పెట్టండి. ఇంట్లో స్టీలు గిన్నె అంచు వేలితో తడిమి చూడండి, లోపలికో బయటికో చుట్టి ఉంటుంది. షెడ్డు మీద ముడతల రేకు అంత పల్చగా ఉండీ మనిషి బరువు మోసేది ఆ ముడతల వల్లే. 16వ శతాబ్దం మొదట్లో జర్మన్ ప్రాంతాల కమ్మరులు కవచం పలకల మీద సరిగ్గా ఇలాంటి గాడులే తీర్చారు. అందం వచ్చింది, గట్టిదనమూ వచ్చింది.

పలకలు పెట్టడం

ఛాతీ పలకతో మొదలుపెట్టండి. అది గిన్నెలా ఉబ్బి ఉండాలి. దెబ్బ తగలగానే పక్కకి జారిపోవడానికే ఆ ఉబ్బు. ఆడపాత్ర అయినా అంతే. రెండు వేరు వేరు గుండ్రాలుగా తీరిస్తే, వాటి మధ్య లోయలోకి కత్తి మొన జారి సరిగ్గా రొమ్ము ఎముక మీదికి వస్తుంది. రక్షించాల్సిన పలకే దెబ్బకి దారి చూపించినట్టు అవుతుంది. పలక కింది అంచు నడుము సన్నబడే చోటే ఆగాలి. అంతకన్నా కిందికి దిగితే మూడో భంగిమలో, అంటే కూర్చున్నప్పుడు, తొడలు తగిలి పలక పైకి లేచి గడ్డానికి కొడుతుంది. కింద పొట్టకి రొయ్య పద్ధతిలో మూడు నాలుగు పట్టీలు వేయండి. పలకకీ ఒంటికీ మధ్య వేలెడు మందాన దూది కుట్టిన అంగరఖా ఉంటుందని మరిచిపోకండి. గుంటూరు సీమలో పత్తికేం కొదవ? ఆ అంగరఖా అంచులు మెడ దగ్గర, చంక దగ్గర కాస్త బయటికి కనిపించేలా గీస్తే బొమ్మకి లోతు వస్తుంది.

మన దేశపు పద్ధతి వాడాలనుకుంటే చార్ ఆయినా చూడండి. నాలుగు అద్దాలు అని దాని అర్థం. ఛాతీకి ఒకటి, వీపుకి ఒకటి, రెండు పక్కలకీ చెరొకటి, నాలుగు పలకలని తోలు పట్టీలతో కలిపి గొలుసు కవచం మీద తొడిగేవాళ్ళు. నాగవేణికి నేను ఇదే ఎంచుకుంటాను. నాలుగు ముక్కలు కాబట్టి గాలి ఆడుతుంది, నడుము తిరుగుతుంది, ముడులు లాగితే విడిపోతుంది.

భుజాల దగ్గరికి వద్దాం. మనకి దీనికి చక్కటి మాటే ఉంది, భుజకీర్తులు. వీధి నాటకాల్లో, పౌరాణిక వేషాల్లో అవి పైకి రెక్కల్లా లేచి ఉంటాయి. వేదిక మీద అవి దూరం నుంచి కనిపించడానికి. యుద్ధానికి అయితే దిశ మార్చాలి. గుండ్రటి చిప్ప ఒకటి భుజం మీద కూర్చోవాలి, దాని కింద రెండు మూడు పట్టీలు చేతి మీదికి జారాలి. పైకి లేచే అంచు ఏదైనా ఉంటే అది మెడ వైపు నిలబడిన పొట్టి గోడలా ఉండాలి, మెడ మీదికొచ్చే వేటుకి అడ్డంగా. ఇప్పుడు చెయ్యి ఎత్తిన రెండో బొమ్మ మీద బటర్ పేపర్ పెట్టి చూడండి. చిప్ప చెవికి తగులుతోందా? అయితే చిన్నది చేయండి. నేను ప్రతి పాత్రకీ ఈ చోట కనీసం రెండుసార్లు గీసి చెరుపుతాను.

చంకలో గొలుసు అల్లిక వేయండి. మామూలు అల్లికలో ప్రతి రింగు చుట్టూ ఉన్న నాలుగు రింగుల్లోంచి దూరుతుంది. అన్ని రింగులూ గీయనక్కర్లేదు. వెలుగు పడే చోట పది పదిహేను శ్రద్ధగా గీసి, నీడలో చిన్న చిన్న వంపు గీతలతో వదిలేస్తే కన్ను మిగతాది పూరించుకుంటుంది. తలకి నాగవేణికి పొట్టి ఇత్తడి టోపీ, వెనక మెడ మీదికి గొలుసు పరద. కాళ్ళకి తోలు పట్టీలు, అంతే.

పలకలు తేలకుండా చూడండి. ప్రతి పలకనీ మీరు వేలు పెట్టి అడగాలి, నిన్ను ఎవరు పట్టుకున్నారు అని. రివిటా, మడతబందా, తోలు పట్టీనా, బకిలా? జవాబు బొమ్మలో కనిపించాలి.

చూసి గీయాల్సినవి

బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉంది, 1887 నాటి విక్టోరియా జూబ్లీ భవనం. అక్కడ కత్తులు, డాళ్ళు, ఒంటి కవచాల లాంటివి చూడొచ్చు. ఫోన్‌లో ఫొటో తీసుకుని వచ్చేయడం కన్నా ఒకే వస్తువు ముందు అరగంట నిలబడి గీయడం మేలు. మొత్తం గీయొద్దు. పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, పిడికిలి పట్టు వెనక మెత్త ఎలా కుట్టారు, అలాంటి మూడు నాలుగు చోట్లు దగ్గరగా గీయండి. జంతువుల నుంచి కూడా తీసుకోవచ్చు. అలుగు (పాంగోలిన్) అనే జంతువు పొలుసులతో చేసిన భారతీయ కవచం ఒకటి ఇంగ్లండ్‌లో లీడ్స్ నగరపు రాయల్ ఆర్మరీస్ మ్యూజియంలో ఉంది. నదికి దగ్గరైన పాత్ర కాబట్టి నాగవేణికి చేప పొలుసు సరిపోతుంది. మార్కెట్లో శీలావతిని కోసేటప్పుడు పొలుసుల వరస చూడండి. ఒక వరసలోని పొలుసు, కింది వరసలోని రెండు పొలుసుల మధ్య సందుని కప్పుతుంది. ఇటుక గోడ కట్టినట్టు.

నగిషీ

ఇప్పుడు, ఇప్పుడే నగిషీ. ఒకే ఒక్క అలంకారం ఎంచుకోండి. అమరావతి శిల్పాల్లోని విచ్చుకున్న పద్మం కావచ్చు, మంగళగిరి చీర నిజాం అంచులోని గుడి ఆకారాలు కావచ్చు. దాన్ని మూడు సైజుల్లో మాత్రమే వాడండి. ఛాతీ మధ్య పెద్దది ఒకటి, భుజాల మీద మధ్యరకం, అంచుల వెంట చిన్నవి. మిగతా చోటంతా ఖాళీగా వదలండి. ఆ ఖాళీ వల్లే నగిషీ కనిపిస్తుంది. నాగవేణికి నేను అంచు పట్టీలకి గుడి ఆకారం ఇచ్చాను. అది పొలుసు ఆకారానికి దగ్గర బంధువులా కలిసిపోయింది. గాట్లు, సొట్టలు కూడా ఇక్కడే పెట్టండి. గెడ ఆనే కుడి భుజం మీద ఇత్తడి అరిగి మెరవాలి, పట్టీల కింద సందుల్లో కిలుం పచ్చగా పేరుకోవాలి.

లోహం మెరిసేలా

స్టీలు గ్లాసు ఒకటి కిటికీ పక్కన బల్ల మీద పెట్టి, ఒక కన్ను మూసి చూడండి. అంచు దగ్గర సన్నటి నల్ల చార. దాన్ని ఆనుకునే తెల్లటి చార, అది కిటికీ. తర్వాత బూడిదరంగు, మళ్ళీ నలుపు. కింద బల్ల రంగు. మెల్లగా తెలుపు నుంచి నలుపుకి మారడం ఎక్కడా లేదు, దూకుడుగా మారుతోంది. లోహం అంటే ఇదే. పెన్సిలుని వేలితో రుద్ది మెత్తగా షేడింగ్ చేస్తే అది ప్లాస్టిక్ అవుతుంది లేదా తోలు అవుతుంది. 4బీతో నలుపుని గట్టిగా పెట్టండి, దాని పక్కనే కాగితం తెలుపుని తాకకుండా వదిలేయండి.

చింతపండుతో తోమిన ఇత్తడి బిందె ఉంటే ఇంకా మంచిది. దాని బొజ్జలో గదంతా వంగి కనిపిస్తుంది, కిటికీ చిన్న వంపు చతురస్రంలా. గుండ్రటి భుజం చిప్ప మీద మీరు గీయాల్సింది అదే. రంగు వేస్తుంటే గమనించండి, ఇత్తడి మీద మెరుపు కూడా పసుపు కలిసే ఉంటుంది, స్టీలు మీద మెరుపులా తెల్లగా ఉండదు. తోలుకి పాత బెల్టు చూడండి. మెరుపు వెడల్పుగా, మసకగా, అంచులు లేకుండా ఉంటుంది. ఒకే బొమ్మలో ఇత్తడి పక్కన తోలు, తోలు పక్కన నూలు పెడితే మూడూ ఒకదాన్నొకటి చూపించుకుంటాయి.

చివరి కాగితం

ముందు, పక్క, వెనక మూడు వైపులా ఒకే ఎత్తులో గీయండి. తల పైన, భుజం దగ్గర, నడుము దగ్గర, మోకాలి దగ్గర అడ్డ గీతలు కొట్టుకుంటే మూడు బొమ్మలూ కలుస్తాయి. వెనక వైపు బద్ధకించొద్దు, పట్టీలు సగం అక్కడే ఉంటాయి. మూలలో ముడి ఒకటి పెద్దది చేసి గీయండి. నాగవేణికైతే ఎడమ పక్కటెముకల దగ్గర, లాగగానే ఊడే జారుముడి. కుడి చేతిలో గెడ ఉంటుంది కాబట్టి ఎడమ చేతికి అందాలి.

ఇంకు పెట్టే ముందు ఆ కాగితం ఇంట్లో ఎవరికైనా ఇవ్వండి, బొమ్మలతో సంబంధం లేనివాళ్ళైతే ఇంకా మంచిది. "ఈమె నీళ్ళలో పడింది. కవచం ఎలా విప్పుకుంటుంది?" అని మాత్రం అడిగి ఊరుకోండి. వాళ్ళ వేలు తడుముకోకుండా ఆ ముడి మీదికి వెళ్తే ఇంకు పెట్టొచ్చు. వెతుక్కుంటుంటే, ఆ పట్టీ కొసని ఇంకో రెండు వేళ్ళు పొడుగు చేసి, చివర ఒక ఎర్ర గుడ్డ ముక్క కట్టి మళ్ళీ గీయండి.